30 వేలలో పురుగుల ఫోటోలకు ఏ కెమెరా, ఏ లెన్స్ తీసుకోవాలి?

మిర్చిచేను
అందరికీ నమస్కారం. మాది పల్నాడు. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, ఇక్కడే ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పనిచేస్తున్నా. పొద్దున లేస్తే మిర్చి, పత్తి, మొక్కజొన్న చేలు తిరగడమే పని. పురుగు కనపడగానే ఫోటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెడతాను. నా ఫోన్‌లో మాక్రో అని 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటుంది. దాంతో తీస్తే తామర పురుగుకీ ఆవగింజకీ తేడా తెలియదు. "ఇదేంటి బాబూ, ఏమీ కనపట్లేదు" అంటున్నారు.

అందుకే కెమెరా కొందామనుకుంటున్నా. అన్నీ కలిపి 30 వేలు, అంతకు మించితే ఇంట్లో గొడవే. షాపులో అడిగితే రెండు లెన్సుల కిట్ చూపించి, 24 మెగాపిక్సెల్ కాబట్టి ఎంతైనా జూమ్ చేసుకోవచ్చు అన్నాడు. అది నిజమేనా? మాక్రో లెన్స్ వేరేగా కొనాలా? సెకండ్‌హ్యాండ్ తీసుకోవచ్చా? పెద్దలు చెప్పండి.

ఫుల్‌ఫ్రేమ్ ఫణి
బ్రదర్, ఒకేసారి మంచిది కొను. కొత్త, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ బాడీ, 100 మి.మీ. మాక్రో లెన్స్. డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయింది. తక్కువలో కొని ఆరు నెలలకి మళ్ళీ మార్చడం కంటే కొన్నాళ్ళు ఆగి కొనడం మేలు.

లెన్సు బాబాయ్
ఫణి గారూ, అబ్బాయి 30 వేలు అంటున్నాడు. మీరు చెప్పిన లెన్స్‌కే అవి సరిపోవు. ఆగమంటున్నారు, పురుగు ఆగుతుందా? కాపు అయిపోతుంది.

మిర్చిచేనూ, కెమెరా సంగతి తర్వాత చూద్దాం. నువ్వు తీయాల్సిన వాటిలో అన్నిటికంటే చిన్న పురుగు ఏది, ఎంత ఉంటుంది?

మిర్చిచేను
మిర్చి పూలలో ఉండే నల్ల తామర పురుగు బాబాయ్ గారూ. మిల్లీమీటరు, మహా అయితే కాస్త ఎక్కువ. తర్వాత తెల్లదోమ, పేనుబంక. పెద్దవంటే మొక్కజొన్నలో కత్తెర పురుగు, పత్తిలో శనగపచ్చ పురుగు. అవి బాగా ఎదిగితే మూడు, మూడున్నర సెంటీమీటర్లు ఉంటాయి.

లెన్సు బాబాయ్
లెక్క అక్కడ మొదలుపెట్టాలి. మెగాపిక్సెళ్ళ మాట పక్కన పెట్టు. కానన్, నికాన్ మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సి సెన్సర్ (లోపల ఫోటో పడే చిప్) వెడల్పు 22 నుంచి 23.5 మి.మీ. ఉంటుంది. 1:1 లెన్స్ అంటే పురుగు ఎంత సైజులో ఉందో సెన్సర్ మీద అంతే సైజులో పడుతుందని అర్థం. అంటే 22 మి.మీ. వెడల్పున్న చోటు ఫ్రేమ్ నిండా వస్తుంది. మూడు సెంటీమీటర్ల కత్తెర పురుగుకి 1:1 కూడా ఎక్కువే, తోకో తలో బయటికి పోతుంది. 0.6 రెట్లు చాలు.

అదే మిల్లీమీటరు తామర పురుగైతే, 1:1లో తీసినా ఫ్రేమ్‌లో ఇరవై రెండో వంతే ఉంటుంది. 18 మెగాపిక్సెల్ కెమెరాలో ఫోటో వెడల్పు 5184 పిక్సెళ్ళు కదా, అందులో పురుగు వాటా 235. వాట్సాప్ దాన్ని ఇంకా నలిపేస్తుంది. 2:1కి వెళ్తే 470 అవుతుంది, కాళ్ళు, రెక్కలు విడివిడిగా తెలుస్తాయి.

ఇప్పుడు షాపువాడి కిట్ చూడు. 18-55 లెన్స్ అతి దగ్గరి ఫోకస్‌లో దాదాపు 0.3 దగ్గరే ఆగిపోతుంది. 70-300 లాంటిదైనా అంతే. 24 మెగాపిక్సెళ్ళు ఉన్నా పురుగు నూరు పిక్సెళ్ళ లోపే చిన్న చుక్కలా ఉంటుంది. దాన్ని ఎంత జూమ్ చేసినా చుక్క పెద్దదవుతుంది తప్ప పురుగు కనపడదు.

కాబట్టి నీకు కావలసింది 0.5 నుంచి 2 దాకా పోయే ఏర్పాటు. బాడీ ఏదైనా ఒకటే, పాతదే తీసుకో.

సాలీడు
బాబాయ్ చెప్పిన ఏర్పాటుకి అందరూ వాడేది ఒకటుంది. కానన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్, దాని ముందు రేనాక్స్ డీసీఆర్-250. బాడీకి సెకండ్‌హ్యాండ్ 700డి గానీ 200డి గానీ సరిపోతుంది. రెండిటికీ తిరిగే స్క్రీన్ ఉంది, నేల మీద పడుకోకుండా ఆకు కింద భాగం తీయొచ్చు. నికాన్ వైపు వెళ్తే డీ5300కి కూడా ఆ స్క్రీన్ ఉంది, డీ3500కి లేదు.

రేనాక్స్ అనేది లెన్స్ ముందు తగిలించే చిన్న అద్దాల సెట్. రెండు వైపులా స్ప్రింగ్ క్లిప్పులుంటాయి. 52 నుంచి 67 మి.మీ. దాకా ఏ లెన్స్ మూతికైనా నొక్కితే పట్టుకుంటుంది. దీని పవర్ +8. లెన్స్‌ని ఇన్ఫినిటీలో (అతి దూరం ఫోకస్) పెడితే లెక్క తేలిక: లెన్స్ మీద మి.మీ.లో రాసుండే ఫోకల్ లెంగ్త్‌ని 8తో గుణించి వెయ్యితో భాగించాలి. 250 దగ్గర 2 రెట్లు, 125 దగ్గర 1:1. జూమ్ తిప్పితే చాలు, కత్తెర పురుగు నుంచి తామర పురుగు దాకా అన్నీ అందులోనే. ఎక్కడ పెట్టినా పురుగుకీ అద్దానికీ మధ్య 12 సెంటీమీటర్ల దూరం ఉంటుంది.

డీసీఆర్-150 అని చిన్నన్న కూడా ఉంది, +4.8. అది 250 దగ్గర 1.2 రెట్లు, దూరం 20 సెంటీమీటర్లు. సీతాకోకచిలుకలు, తూనీగలు తీసేవాళ్ళకి అదే హాయి. నీకు మాత్రం 250.

ఆన్‌లైన్‌లో వందల్లో దొరికే +1, +2, +4, +10 అద్దాల సెట్ జోలికి పోకు. అవి ఒంటి అద్దాలు, అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు వస్తాయి.

ఫుల్‌ఫ్రేమ్ ఫణి
ఎంతైనా ముందు తగిలించే అద్దం అద్దమే. నిజమైన మాక్రో లెన్స్ షార్ప్‌నెస్ దీనికి రాదు.

సాలీడు
అంచుల్లో మీ మాట నిజం, కాదనను. మధ్యలో తేడా కనిపెట్టాలంటే రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి వెతకాలి. పైగా 100 మాక్రోల్లో చాలావరకు 1:1 దగ్గరే ఆగిపోతాయి, అతనికి 2 కావాలి. అప్పుడు మీరూ దాని ముందు రేనాక్స్ తగిలించాల్సిందే కదా!

ఫుల్‌ఫ్రేమ్ ఫణి
లావోవా 100 మాక్రో 2 రెట్లు ఇస్తుంది సార్.

లెన్సు బాబాయ్
ఇస్తుంది. 30 వేలలో ఇస్తుందా?

పురుగుల పద్మ
నేను ఎంటమాలజీ చదివాను, అందుకని ఒక మాట.

మిర్చిచేను గారూ, ఫోటో చూసి తామర పురుగు జాతి తేల్చడం కుదరదు, ఎంత మంచి లెన్స్ ఉన్నా సరే. స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్ కింద యాంటెన్నా కణుపులు, ఒంటి మీద నూగు చూస్తేనే తేలుతుంది. 2021లో మన మిర్చి మీద విరుచుకుపడ్డ నల్ల తామర పురుగు త్రిప్స్ పార్విస్పైనస్‌నీ అలాగే నిర్ధారించారు. చేలో ఫోటోతో మనం చేయగలిగింది అనుమానం చెప్పడం. పూలలో గుంపుగా ఉన్నాయా, ఆడవి ముదురు గోధుమ-నలుపులో, మగవి పసుపులో ఉన్నాయా అన్నది చూపిస్తే చాలు, మిగతాది ల్యాబ్ చూసుకుంటుంది.

ఇంకోటి. రైతుకి పురుగు ముఖం కంటే అది చేసిన పని చూపించడం ఎక్కువ ఉపయోగం. మిర్చి ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పై ముడతకి కొట్టాల్సిన మందు కింది ముడతకి కొడితే డబ్బు దండగ. ఈ రెండు ఆకుల్నీ పక్కపక్కన పెట్టి తీసిన ఒక్క ఫోటో మీ గ్రూపులో వంద క్లోజప్పుల పని చేస్తుంది. దానికి మీ ఫోన్ మామూలు కెమెరా చాలు.

కత్తెర పురుగుకి మాత్రం క్లోజప్ తప్పదు. తల మీద తలకిందులైన ఇంగ్లీషు వై గుర్తు, తోక నుంచి రెండో కణుపు మీద చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. ఈ రెండూ కనపడితే లద్దె పురుగుతో పొరబడే అవకాశం ఉండదు.

జేబులో 10 రెట్ల హ్యాండ్ లెన్స్ ఎలాగూ ఉంటుందనుకుంటా. లేకపోతే ముందు అది కొనండి.

మిర్చిచేను
ఉంది మేడం, కాలేజీ నాటిది. పై ముడత, కింది ముడత ఐడియా చాలా బాగుంది, రేపే తీస్తా.

ఖమ్మం మల్లేశ్
అన్నా, ఇంత ఖర్చెందుకు? మాదీ మిర్చి ఏరియానే. రివర్స్ రింగ్ అని వస్తది, కొన్ని వందలే. కిట్ లెన్స్‌ని తిరగేసి బిగిస్తే 18 దగ్గర మూడు రెట్లకు పైనే వస్తది. మస్తు డీటెయిల్.

సాలీడు
మల్లేశ్ అన్నా, వస్తుంది గానీ పురుగుకీ లెన్స్‌కీ మధ్య నాలుగు సెంటీమీటర్లే మిగులుతుంది. మిర్చి పువ్వు కిందికి వేలాడుతుంది, దాని లోపలికి వెలుతురు ఎటు నుంచి పంపిస్తావు? పైగా ఈ కాలం లెన్సులకి అపర్చర్ (వెలుతురు వచ్చే కన్నం) మార్చే రింగ్ ఉండదు. తిరగేస్తే కానన్ది పూర్తిగా తెరుచుకుని ఉండిపోతుంది, నికాన్ జీ లెన్స్ పూర్తిగా మూసుకుంటుంది. రింగున్న పాత 28 మి.మీ. మాన్యువల్ లెన్స్ దొరికితే మాత్రం రివర్స్ బ్రహ్మాండం, రెండు రెట్లు వస్తుంది. ఇంట్లో టేబుల్ మీద చచ్చిన పురుగుని తీయడానికి నేనూ అదే వాడతా.

ఎక్స్‌టెన్షన్ ట్యూబుల (లెన్స్‌కీ బాడీకీ మధ్య బిగించే ఖాళీ గొట్టాల) సంగతీ అంతే. కరెంటు కాంటాక్టులు లేని చవక ట్యూబులు కొంటే అపర్చర్ మార్చలేవు. కాంటాక్టులున్నవి కొని 50 మి.మీ. లెన్స్ వెనక పెడితే బాగుంటుంది. 50 లెన్స్‌కి 50 మి.మీ. ట్యూబ్ అంటే 1:1. కాకపోతే సైజు మార్చాలనుకున్నప్పుడల్లా చేను మధ్యలో లెన్స్ ఊడదీయాలి. దుమ్ము, పుప్పొడి అన్నీ సెన్సర్ మీదికి.

డాలస్ చంటి
ఒలింపస్ టీజీ-6 గురించి ఎవరూ చెప్పలేదే? జేబులో పడుతుంది, నీళ్ళలో పడ్డా ఏమీ కాదు, సెంటీమీటరు దూరం నుంచి ఫోకస్ అవుతుంది. మైక్రోస్కోప్ మోడ్ ఉంది, ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ జరుపుతూ తీసిన ఫోటోల్ని కలపడం) కూడా కెమెరాలోనే చేసేస్తుంది. మా ఇంటి వెనక టమాటా మొక్కల మీద పురుగులన్నీ దాంతోనే తీస్తున్నా. కావాలంటే వచ్చేటప్పుడు తెస్తా.

లెన్సు బాబాయ్
మంచి కెమెరానే చంటీ, ఈ పనికి పుట్టిందే. కానీ సెన్సర్ చిన్నది, నీడలో వెలుతురు చాలక ఐఎస్‌ఓ పెంచితే ఫోటో గరుకుగా వస్తుంది. సెంటీమీటరు దూరమంటే కెమెరా నీడ పురుగు మీదే పడుతుంది, తెల్లదోమ అయితే ఎగిరిపోతుంది. అక్కడి గ్యారంటీ ఇక్కడ నడవకపోవచ్చు కూడా. అయినా సెకండ్‌హ్యాండ్‌లో బడ్జెట్‌కి దొరికితే వద్దనను. ఇక్కడ చెప్పుకున్నవాటిలో చేలో తడిసినా భయం లేని కెమెరా ఇదొక్కటే.

కోనసీమ కిట్టు
సెకండ్‌హ్యాండ్ కొనేముందు ఇవి చూసుకోండి. మాది కాలవ పక్క ఊరు, తేమకి లెన్సులు పాడవడం మాకు మామూలే.

లెన్స్ రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడాలి. సాలెగూడు పోగుల్లా, మంచుపువ్వులా ఏదైనా కనపడితే ఫంగస్. ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. దుమ్ము రేణువులు నాలుగున్నా పర్లేదు.

షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారో ఆ లెక్క) అడగండి. ఈ తరగతి బాడీలకి కంపెనీలు చెప్పే లెక్క లక్ష. నికాన్ అయితే తీసిన ఫోటో ఫైల్‌లోనే కౌంట్ ఉంటుంది. కానన్‌లో చాలావాటికి ఫైల్‌లో ఉండదు, వేరే సాఫ్ట్‌వేర్ పెట్టి చూడాలి. పెళ్ళి ఫోటోగ్రాఫర్ దగ్గరైతే కౌంట్ చూడకుండా కొనొద్దు.

అపర్చర్ ఎఫ్22లో (అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నది) పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీయండి. నల్లమచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. శుభ్రం చేయించుకోవచ్చు, ధర తగ్గించమనడానికి మాత్రం పనికొస్తుంది.

కోఠి వైపు పాత కెమెరా షాపుల్లో కొంటే చేతిలో పట్టుకుని చూడొచ్చు. ఆన్‌లైన్‌లో ముందు డబ్బులు వేయమన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి. నాకు అలాగే ఒకడు లెన్స్ అని చెప్పి ఖాళీ డబ్బా పంపాడు.

ఇంటికి తెచ్చాక మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. బీరువాలో బట్టల మధ్య మాత్రం వద్దు.

సాలీడు
వెలుతురు గురించి ఎవరూ ఎత్తలేదు. నన్నడిగితే బాడీ కంటే ఫ్లాష్ ముఖ్యం.

2 రెట్ల దగ్గర ఎఫ్11 పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరులో పదో వంతే. కాబట్టి అపర్చర్ తెరవలేవు. చెయ్యి వణుకుతుంది, గాలికి కొమ్మ ఊగుతుంది, షట్టర్ నెమ్మదిగా పెట్టలేవు. మిగిలింది ఫ్లాష్. ట్రైపాడ్ మిర్చి చేలో పనికిరాదు, నువ్వు దాన్ని సర్దేలోపు పురుగు పక్క పువ్వుకి పోతుంది.

మామూలు మాన్యువల్ ఫ్లాష్ చాలు. గోడాక్స్ వాళ్ళవి చవకలో దొరుకుతాయి. కెమెరా మాన్యువల్ మోడ్, 1/200, ఎఫ్11, ఐఎస్‌ఓ 200 లేదా 400. ఫ్లాష్ 1/8 లేదా 1/16 పవర్. తక్కువ పవర్‌లో ఫ్లాష్ మెరుపు సెకనులో వేల వంతే ఉంటుంది, కొమ్మ ఊగినా చిత్రం ఆగిపోతుంది.

ఉత్త ఫ్లాష్ వేస్తే మాత్రం పురుగు వీపు మీద తెల్లటి మెరుపు మచ్చ, వెనక నల్లటి నీడ. నల్ల తామర పురుగు నున్నగా ఉంటుంది కాబట్టి ఇంకా ఘోరం. టీవీ పెట్టెల్లో చుట్టి వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీట్ ఉంటుంది చూడు, దాన్ని రెండు పొరలుగా, పొరల మధ్య కాస్త ఖాళీ వదిలి, ఫ్లాష్ ముందు నుంచి లెన్స్ మూతి మీదికి వంచి కట్టు. ఎంత వెడల్పుగా ఉండి పురుగుకి ఎంత దగ్గరగా వస్తే అంత మెత్తటి వెలుతురు. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

తీసేటప్పుడు ఆటోఫోకస్ ఆపెయ్. ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్స్ ఆనించు. కొమ్మ, చెయ్యి, కెమెరా మూడూ కలిసి ఊగుతాయి, తేడా రాదు. తర్వాత ఒళ్ళంతా వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదుపుతూ, కన్ను షార్ప్‌గా కనపడిన క్షణంలో నొక్కు. పురుగు వీపుకి కెమెరా సమాంతరంగా ఉంటే ఆ పదో వంతులోనే ఒళ్ళంతా వస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్తే పురుగులు మందంగా ఉంటాయి.

మా మామిడి చెట్టు మీద ఎర్ర చెట్టు చీమలా వేషం వేసే సాలీడు ఒకటుంది. ముందు కాళ్ళు పైకెత్తి మీసాల్లా ఊపుతుంది, మామూలుగా చూస్తే చీమే. ఫోటోలో ఎనిమిది కాళ్ళు లెక్కపెట్టాకే మా ఆవిడ నమ్మింది.

పురుగుల పద్మ
మందు కొట్టిన చేలో వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీయకండి. లేబుల్ మీద రాసిన గడువు అయ్యాకే వెళ్ళండి. ఇది కెమెరా కంటే ముఖ్యం.

మిర్చిచేను
కొనేశా! 700డి, 55-250 ఎస్‌టీఎం కలిపి 19 వేలకి ఇచ్చాడు. కిట్టు గారు చెప్పినట్టు టార్చ్ వేసి చూశా, మొదట చూపించిన లెన్స్‌లో నిజంగానే పోగులున్నాయి, వేరేది తీసుకున్నా. రేనాక్స్, ఫ్లాష్ కలిపి 30 మీద కొద్దిగా దాటింది. ఆ కొద్దిగా ఎంతో ఇంట్లో చెప్పలేదు.

పై ముడత, కింది ముడత ఫోటో పెట్టా. పక్క ఊరి గ్రూపుల్లోకి కూడా పోయింది.

రెండు సమస్యలు. కత్తెర పురుగు మొత్తం రావాలని జూమ్ 55కి తగ్గిస్తే నాలుగు మూలలా నల్లగా వస్తోంది. తామర పురుగుకి ఫోకస్ మందం పెరుగుతుందని ఎఫ్32 పెట్టా, మందం వచ్చింది గానీ ఫోటో అంతా మెత్తగా, మసకగా ఉంది. లెన్స్ బాగోలేదా?

సాలీడు
లెన్స్ బాగానే ఉంది. రేనాక్స్ అద్దం చిన్నది, జూమ్ తగ్గిస్తే దాని అంచు ఫ్రేమ్‌లోకి వస్తుంది. నూరుకి పైనే వాడుకో. మొత్తం పురుగు కావాలంటే రేనాక్స్ తీసెయ్. ఉత్త 55-250 ఎస్‌టీఎం 250 దగ్గర 85 సెంటీమీటర్ల నుంచి 0.29 ఇస్తుంది, ఎదిగిన కత్తెర పురుగు ఫ్రేమ్‌లో సగం దాకా వస్తుంది. తల మీద గుర్తుకి మళ్ళీ క్లిప్ నొక్కు.

ఎఫ్32 మసక డిఫ్రాక్షన్ వల్ల. కన్నం మరీ చిన్నదైతే వెలుతురు చెదిరిపోతుంది, ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇంతే. ఎఫ్11, తప్పకపోతే ఎఫ్16. పురుగు కదలకుండా ఉంటే ఫోకస్ కాస్త కాస్త జరుపుతూ వరసగా కొన్ని తీసి కంప్యూటర్‌లో కలుపుకో. హెలికాన్, జెరీన్ డబ్బులు పెట్టి కొనాలి, పికోలే ఉచితం.

పురుగుల పద్మ
ఒక ఫోటోలో మిల్లీమీటర్ గీతలున్న స్టీల్ స్కేల్ కూడా తీసి పెట్టుకోండి, అదే జూమ్‌లో, రేనాక్స్ తోనే. ఫ్రేమ్‌లో పదకొండు గీతలు పడితే 2 రెట్లు. తర్వాత ఆ జూమ్‌లో తీసిన ఏ పురుగు పొడవైనా ఫోటోలోనే కొలవొచ్చు. ల్యాబ్‌కి పంపేటప్పుడు "చిన్న పురుగు" అని కాకుండా 1.1 మి.మీ. అని రాయండి, వాళ్ళు సంతోషిస్తారు.

ఫుల్‌ఫ్రేమ్ ఫణి
ఫోటోలు చూశా. పువ్వు లోపల మూడు పురుగులున్నది బాగుంది, రెక్కల అంచున కుచ్చు కూడా తెలుస్తోంది. ఆ ఫోమ్ షీట్ డిఫ్యూజర్ ఎలా కట్టావో వెనక నుంచి ఒక ఫోటో పెట్టు, నేనూ చేసుకుంటా.

మిర్చిచేను
సాయంత్రం పెడతా ఫణి అన్నా. రబ్బరు బ్యాండ్లు, టేపు తప్ప ఏమీ లేదు. స్కేల్ ఫోటో తీశా మేడం, పదకొండున్నర గీతలు పడ్డాయి. జూమ్ 250కి కొంచెం తక్కువలో ఉన్నట్టుంది.